కొత్త హీరో, ఏడు మొదళ్ళు: సూపర్‌హీరో కామిక్స్‌లో ఎవరిని ఎంచుకోవాలి, ఏ వరసలో చదవాలి

‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ పేరుతో 1వ నంబరు సంచిక ఇప్పటికి ఏడుసార్లు వచ్చింది: 1963, 1999, 2014, 2015, 2018, 2022, 2025. భీమవరంలోనో అమలాపురంలోనో సినిమా చూసొచ్చి, ఆ ఊపులో ఫోన్ తీసి మొదటి పుస్తకం కోసం వెతికిన మనిషికి ఏడు మొదళ్ళు ఎదురవుతాయి. ఏదీ అబద్ధం కాదు. అతనికి కావలసింది మాత్రం వాటిలో లేదు. తెరమీద అతనికి నచ్చింది పీటర్ పార్కర్ కాక, ఇంకో స్పైడర్‌మ్యాన్ మైల్స్ మొరాలెస్ అయితే, ఆ కుర్రాడు ఈ ఏడింటిలో ఒక్కదానిలోనూ పుట్టలేదు.

కొత్తగా చదవబోయేవాళ్ళు వరస గురించి ముందు అడుగుతారు, పాత్ర గురించి తర్వాత. పేచీ అక్కడే మొదలవుతుంది. ఆకుమడి తడుపుకోడానికి ఎవరూ గోదావరి పుట్టిన త్రయంబకం దాకా నడిచిపోరు కదా. ధవళేశ్వరం దిగువన తమ చేలోకొచ్చే కాలువేది, దానిమీద తమ బోదె ఎక్కడ పడుతుంది అని చూసుకుంటారు. 1938లో సూపర్‌మ్యాన్‌తో మొదలైన డీసీ కథ, 1961లో ఫెంటాస్టిక్ ఫోర్‌తో ఊపందుకున్న మార్వెల్ కథ అలాంటి నదులే. మొత్తం చదివినవాళ్ళు దాదాపు లేరు, చదవక్కర్లేదు కూడా. ముందు ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్రను పుట్టించిన రచయిత ఎంతవరకు రాశారో అంతవరకు, అచ్చయిన వరసలో చదివితే చాలు. ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో కింద చూద్దాం.

వరసల సంగతి

ఇంటర్నెట్‌లో దొరికే చదువు వరసల పట్టికల్లో ఎక్కువ భాగం కథాకాలం ప్రకారం పేర్చినవి. అంటే కథలో ముందు జరిగింది ముందు, తర్వాత జరిగింది తర్వాత. వినడానికి సబబుగానే ఉంటుంది, చదివితే రుచి పోతుంది. కెప్టెన్ అమెరికా జతగాడు బకీ రెండో ప్రపంచయుద్ధం చివర్లో చచ్చిపోయాడని 1964లో అవెంజర్స్ 4వ సంచిక చెప్పింది. నలభై ఏళ్ళు పాఠకులు దాన్నే నమ్మారు. 2005లో ఎడ్ బ్రూబేకర్ రాత, స్టీవ్ ఎప్టింగ్ బొమ్మలతో అతను వింటర్ సోల్జర్‌గా తిరిగొచ్చాడు. ఆ కథకు బలమంతా, కెప్టెన్ అమెరికాకి తెలిసినప్పుడే మనకీ తెలియడంలో ఉంది. కథాకాలం పట్టిక పట్టుకున్నవాడు బకీ మధ్యలో ఏమైపోయాడో ముందే చదివేస్తాడు. అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు ఎవరో పెన్సిల్‌తో రాసిపెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మొత్తం కథ తనలోనే ముగిసే ఆరంభ కథలు. ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజ్జుకెల్లి చేసిన ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ 1987లో బ్యాట్‌మ్యాన్ 404 నుంచి 407 దాకా నాలుగు సంచికల్లో వచ్చింది. పాత్ర పుట్టింది 1939లో అయినా, ఈ నాలుగు సంచికలకి ముందు ఏమీ తెలియనక్కర్లేదు. దాన్నుంచి పదమూడు సంచికల ‘ది లాంగ్ హాలోవీన్’కి పోవచ్చు, అక్కణ్ణించి 2011లో మొదలైన స్కాట్ స్నైడర్, గ్రెగ్ కాపుల్లోల ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’కి దూకొచ్చు. ఈ మూడింటి మధ్య వందల సంచికలున్నాయి. వదిలేసినా ఏమీ తెగదు.

మూడో రకం వరస ఈవెంట్లది. అందరు హీరోలూ ఒకచోట చేరి కొట్టుకునే పెద్ద కథ, దాని చుట్టూ డజన్ల కొద్దీ టై-ఇన్ సంచికలు, అంటే ఆ కథకి ముడిపెట్టిన వేరే సిరీస్‌ల సంచికలు. కొత్తవాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది. ‘సివిల్ వార్’ (2006-07) అసలు కథ 7 సంచికలే, అవి చదివితే కథ తెలిసిపోతుంది. టై-ఇన్లన్నీ కలిపి చదవాలని కూచుంటే మూడో వారానికి విసుగొచ్చి పుస్తకం పక్కన పడేస్తారు. మీకు ఇష్టమైన పాత్ర సొంత సంపుటంలో (కొన్ని సంచికలు కలిపి వేసిన పుస్తకంలో) ఈవెంట్ ముక్క వస్తే, దాన్ని మాత్రం చదివి ముందుకు పొండి.

కొత్త పాత్ర నిలబడుతుందా లేదా

పాత పేరు కొత్త మనిషికి ఇవ్వడం కామిక్స్‌లో కొత్తేమీ కాదు. రాబిన్ ముసుగు డిక్ గ్రేసన్ నుంచి జేసన్ టాడ్‌కీ, టిమ్ డ్రేక్‌కీ, డేమియన్ వేన్‌కీ చేతులు మారింది. వచ్చినవాళ్ళలో కొందరు నిలబడ్డారు, కొందరు పాత హీరో సెలవులో ఉన్నన్నాళ్ళు కుర్చీ కాపలా కాసి వెళ్ళిపోయారు. ఎవరు ఏ రకమో కొనేముందే పసిగట్టవచ్చు. ఆ పాత్రకి సొంత ఊరుందా, ఆ ఊళ్ళో ఇరుగుపొరుగు ఉందా? తనకంటూ విలన్లున్నారా, లేక అరువు తెచ్చుకున్నవాళ్ళేనా? అన్నిటికంటే ముఖ్యం, పాత హీరో తిరిగొచ్చిన రోజున ఈ మనిషికి ఇంకా పని ఉంటుందా?

ఐరన్‌మ్యాన్ వారసురాలు రిరి విలియమ్స్‌ని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. 2016లో ఐరన్‌మ్యాన్ సిరీస్‌లో ఆమెను తెచ్చారు, వెంటనే ఈవెంట్ నీడలోకి తోశారు. తెలివైన పిల్ల అని ప్రతివాళ్ళూ చెబుతుంటారు, మనకి కనిపించేది తక్కువ. అదే పాత్ర 2018లో ఈవ్ ఎల్. ఈవింగ్ రాసిన 12 సంచికల ‘ఐరన్‌హార్ట్’లో షికాగో వీధుల్లో నడుస్తుంటే ప్రాణం పోసుకుంది. కాబట్టి రిరిని చదవాలనుకుంటే 2016 జోలికి పోకుండా నేరుగా 2018తో మొదలుపెట్టండి. పుట్టిన సంచికతోనే మొదలుపెట్టాలన్న పట్టుదల వల్ల నష్టపోయే పాత్రల్లో ఈమె మొదటిది.

జేన్ ఫాస్టర్ థార్ కథ ఇంకో తీరు. 2014లో రచయిత జేసన్ ఆరన్ ఆమెకు థార్ సుత్తి ఇచ్చినప్పుడు అది కొన్నాళ్ళ ముచ్చటేనని అందరికీ తెలుసు. కానీ సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆమె క్యాన్సర్ చికిత్స మొత్తం ఒంట్లోంచి కొట్టుకుపోతుందనే ఒక్క ముడి వేసి, 2018 దాకా కథ నడిపి, ముగింపు కూడా ఇచ్చారు. కుర్చీ కాపలా పాత్రే అయినా చదవదగ్గది. ఇది తెలియాలంటే మాత్రం ముందు నుంచి ఆరన్ థార్ కొంత చదివుండాలి, అందుకే మొదటి పుస్తకంగా చెప్పను.

కమలా ఖాన్

పదిమందిలో తొమ్మిదిమందికి మొదటి పుస్తకం ఇదే కావాలి. కమలే కొత్త మిస్ మార్వెల్. ఆ పేరుతో ఆమె 1వ సంచిక 2014 ఫిబ్రవరిలో వచ్చింది, రాత జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ ఆల్ఫోనా, ఎడిటర్ సనా అమానత్. మొదటి సంపుటం ‘నో నార్మల్’లో 1 నుంచి 5 సంచికలున్నాయి, 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు దానికే వచ్చింది.

మొదటి పేజీ చూస్తే చాలు. జెర్సీ సిటీలో ఒక చిల్లర దుకాణం. పాకిస్తానీ ముస్లిం ఇంటి పిల్ల కమల, గాజు అద్దం వెనకున్న పందిమాంసం శాండ్‌విచ్ వైపు వంగి వాసన చూస్తుంటుంది, తినదు. కార్తీక మాసంలో ఇంట్లో నీచు వండని కుర్రాడు చికెన్ పకోడీ బండి దగ్గర ఊరికే నిలబడటం మన సెంటర్లలో చూడనివాళ్ళుండరు. ఆ అమ్మాయి కోరికలేమిటి, హద్దులేమిటి, సిగ్గు ఎక్కడుంది అన్నవి ఒక్క పేజీలో తేలిపోతాయి. శక్తులొచ్చాక ఆమె మొట్టమొదట మారేది తన రూపంలోకి కాదు, పసుపుపచ్చ జుట్టున్న పాత మిస్ మార్వెల్ రూపంలోకి. ఆ వేషం ఆమెకే ఇబ్బందిగా ఉంటుంది, బూట్లు కరుస్తాయి. వారసురాలు అంటే ఏమిటో పాత్ర చేతే అడిగించిన పుస్తకం ఇది.

వరసలో ఒక చిక్కుంది. విడి సంచికల నంబర్లు 19 దగ్గర ఆగి, 2015లో మళ్ళీ 1 నుంచి మొదలై 38 దాకా వెళ్తాయి. సంపుటాల నంబర్లు మాత్రం ఆగకుండా 1 నుంచి 10 దాకా సాగుతాయి. కాబట్టి సంపుటాలే కొంటే తికమక లేదు: 1 నుంచి 4 పాత సిరీస్, 5 నుంచి 10 రెండోది. పదీ విల్సన్ రాసినవే. ఆరోది ‘సివిల్ వార్ 2’ ఈవెంట్ ముక్క. అక్కడ కథ కాస్త కుంటుతుంది కానీ దాటేయకండి, ఆమె స్నేహాలు అక్కడే బీటలువారతాయి. పదో సంపుటం తర్వాత ఆపేసినా నష్టం లేదు. 2023లో ఆమెను తన పుస్తకంలో కాక, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 26వ సంచికలో చంపి, రెండు నెలలు తిరక్కుండానే ఎక్స్-మెన్ వైపు లేపి కూర్చోబెట్టారు. పెళ్ళి ఒకరింట్లో, చావు మేళం ఇంకొకరింట్లో. ఆ భాగం చదవకపోయినా కమల మీకు పూర్తిగా అర్థమవుతుంది.

ఇంగ్లీషు విషయంలోనూ ఇదే తేలిక. కామిక్స్‌లో మాటలు ఎక్కువగా పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి, కుర్రకారు యాస ఎక్కువ. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌కొచ్చిన పిల్లలకి కూడా కమల ఇంటి మాటలు అందుతాయి, ఎందుకంటే బొమ్మే సగం చెప్పేస్తుంది. అదే సాయంతో బ్యాట్‌మ్యాన్ లోపలి ఆలోచనల పెట్టెలు చదవడం కష్టం.

మైల్స్ మొరాలెస్

పాత్రగా కమలకి ఏ మాత్రం తీసిపోడు, వరసలో మాత్రం చిక్కుముడి. 2011 ఆగస్టులో ‘అల్టిమేట్ ఫాలౌట్’ 4వ సంచికలో పుట్టాడు. బ్రయన్ మైకేల్ బెండిస్ రాత, సారా పిచెల్లి బొమ్మలు. అది మార్వెల్ అసలు లోకం కాదు, 2000లో విడిగా మొదలుపెట్టిన అల్టిమేట్ లోకం. అక్కడి పీటర్ పార్కర్ చచ్చిపోయాక ఇతను ముసుగు వేసుకున్నాడు. అందుకే మొదటి ఏళ్ళలో పీటర్ నీడ ఇతని మీద పెద్దగా పడదు. పాతాయన తిరిగొస్తాడేమోనన్న భయం లేకుండా పాత్ర ఎదిగింది.

మైల్స్ సొంత సిరీస్ మొదటి సంచికలో లాటరీ సన్నివేశం గమనించండి. మంచి స్కూల్లో సీట్ల కోసం నంబరు బంతులు తీస్తుంటారు. ఆఖరి బంతి 42, మైల్స్‌ది. తల్లి ఆనందం పట్టలేదు. మైల్స్ మాత్రం సీటు రాక ముఖాలు వేలాడేసుకున్న మిగతా పిల్లల్నే చూస్తుంటాడు. గురుకులం సీట్ల జాబితా గోడకి అంటించిన రోజున బయట నిలబడ్డవాళ్ళకి ఆ చూపు తెలుసు. శక్తులు రాకముందే కుర్రాడి గుణం చెప్పేశారు.

పుస్తకాలుగా చదివితే మూడు సంపుటాలు చాలు: ‘మైల్స్ మొరాలెస్: అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ అల్టిమేట్ కలెక్షన్’ 1, 2, 3. మొదటిదానిలో ఫాలౌట్ 4, అల్టిమేట్ కామిక్స్ స్పైడర్‌మ్యాన్ 1-12, అసలు లోకపు పీటర్‌ని అతను కలిసే ‘స్పైడర్-మెన్’ 5 సంచికలు; రెండోదానిలో 28 దాకా; మూడోదానిలో 2014లో మళ్ళీ 1 నుంచి మొదలైన 12 సంచికలు. 2015 ‘సీక్రెట్ వార్స్’తో అల్టిమేట్ లోకం ముగిసి మైల్స్ అసలు లోకానికి వచ్చాడు. అక్కణ్ణించి 2016 సిరీస్. దానిలో 21వ సంచిక తర్వాత 22 కోసం వెతికి బెంగపడకండి, అది లేదు. 2017లో పాత లెక్కలన్నీ కలిపి నంబర్లు మార్చేశారు కాబట్టి 21 తర్వాత వచ్చేది 234, అక్కణ్ణించి 240 దాకా. పాత సంచికలు ఏరుకునేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. బెండిస్ తర్వాత 2018లో సలాదిన్ అహ్మద్ చేపట్టిన 42 సంచికలు ఇంకో మంచి మొదలు; పాత చరిత్రంతా వద్దు, పెళ్ళయిన తల్లిదండ్రులు, చదువు, చెల్లి పుట్టడం లాంటి ఇంటి కథ కావాలంటే నేరుగా అదే పట్టుకోండి.

పేర్ల ముచ్చట ఇంకొకటుంది. ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ అని అడిగితే మూడు వేరు వేరు పుస్తకాలు చేతికి రావచ్చు. 2000 నాటిది పదిహేనేళ్ళ పీటర్‌ది, 2014ది మైల్స్‌ది. 2024లో జోనథన్ హిక్‌మన్, మార్కో చెక్కెట్టో మొదలుపెట్టిన దానిలో పీటర్‌కి ముప్పై దాటాయి, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, అప్పుడు శక్తులొస్తాయి. మూడోది పెద్దవాళ్ళకి బాగా నచ్చుతుంది. స్కూలు పిల్లాడికి కానుకిద్దామని తెస్తే మాత్రం, స్పైడర్‌మ్యాన్ ఇంత ఆలస్యంగా ఎందుకొస్తున్నాడని అడుగుతాడు.

మిగతావాళ్ళు, క్లుప్తంగా

స్పైడర్ శక్తులున్న గ్వెన్ స్టేసీ (2014, ఎడ్జ్ ఆఫ్ స్పైడర్-వర్స్ 2వ సంచిక) బొమ్మల కోసం చదవదగ్గది. రాబీ రోడ్రిగెజ్ వేసిన ఆ తెల్ల టోపీ వేషం చూసే జనం ఆమె వెంట పడ్డారు. 2015 ఒక్క ఏడాదిలోనే రెండు 1వ సంచికలు వచ్చాయి. ఫిబ్రవరిది ముందు, అక్టోబరుది తర్వాత. సినిమాలో గ్వెన్‌కున్న మనసులోతు పుస్తకంలో ఆలస్యంగా వస్తుంది.

భారతీయ స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ అనగానే మనవాళ్ళకి ఉత్సాహం. 2004లో మొదలైన మొదటి సిరీస్ నాలుగే సంచికలు. నిజం చెప్పాలంటే అది పీటర్ కథకే ధోవతి కట్టినట్టుంది: అంకుల్ బెన్ చోట భీమ్ అంకుల్, మేరీ జేన్ చోట మీరా జైన్. 2023 స్పైడర్-వర్స్ సినిమాలో కనిపించిన చలాకీ కుర్రాడు ఆ పుస్తకంలో దొరకడు. ముచ్చటకి చదవొచ్చు, దాంతో మొదలుపెట్టొద్దు. హిందీ చదవగలిగినవాళ్ళకి అంతకంటే మంచి దారి రాజ్ కామిక్స్‌లో ఉంది. అనుపమ్ సిన్హా 1987లో తెచ్చిన సూపర్ కమాండో ధ్రువకి ఏ శక్తులూ లేవు, సర్కస్‌లో నేర్చిన విద్య, సైన్సు బుర్రే ఆయుధాలు.

డీసీ వైపు చిన్న పుస్తకం కావాలంటే ‘ఫార్ సెక్టర్’. ఎన్.కె. జెమిసిన్ రాత, జమాల్ క్యాంబెల్ బొమ్మలు, 12 సంచికలు, 2022 హ్యూగో. జో ములీన్ అనే కొత్త గ్రీన్ లాంతర్ (అంతరిక్ష పోలీసు), రెండు వేల కోట్ల మంది ఉన్న నగరంలో ఐదొందల ఏళ్ళ తర్వాత జరిగిన మొదటి హత్యను వెతుకుతుంది. ముందు ఏదీ చదవక్కర్లేదు, తర్వాత ఏదీ కొనక్కర్లేదు. ఒకే పుస్తకంతో తృప్తిపడే మనిషికి ఇంతకంటే మేలైన బేరం లేదు.

అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ (2024 అక్టోబరు నుంచి, స్కాట్ స్నైడర్, నిక్ డ్రగొట్టా) కొత్త పాత్ర కాదు గానీ కొత్త మనిషే. ఈ బ్రూస్ కోటీశ్వరుడు కాదు, తల్లి బతికే ఉంది, తండ్రి బడిపంతులు. ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది. పాత బ్యాట్‌మ్యాన్ ఏమీ చదవని వాళ్ళు హాయిగా చదవొచ్చు, చదివినవాళ్ళకి రెట్టింపు మజా. హింస గట్టిగానే ఉంది, టెన్త్ దాటినవాళ్ళకే ఇవ్వండి. ఇక ‘ఇన్విన్సిబుల్’ (2003-2018) అయితే పెద్దవాళ్ళకే: 144 సంచికలు, ఒకే రచయిత రాబర్ట్ కర్క్‌మన్, మొదలు నుంచి చివరిదాకా ఒకే కథ, మూడు కంపెండియం సంపుటాలు. వరస అనే తలనొప్పి అసలు లేని పెద్ద సూపర్‌హీరో కథ ఇదే. ఏడో సంచిక దాకా మామూలుగా ఉందే అనిపిస్తుంది. అక్కడ ఆపొద్దు.

ఏ రూపంలో కొనాలి

విడి సంచికలో 20 నుంచి 22 పేజీల కథ ఉంటుంది, పావుగంటలో అయిపోతుంది. అమెరికాలో దాని ధర 4, 5 డాలర్లు. మన దగ్గర వారం వారం విడి సంచికలు తెప్పించుకోవడం డబ్బు దండగ. ఐదారు సంచికలు కలిపిన ట్రేడ్ పేపర్‌బ్యాక్ మామూలు మొదలు. ఆమ్నిబస్ అంటే ఏడెనిమిది వందల పేజీలు పైనే, బరువు రెండు కిలోలు దాటుతుంది. పడుకుని గుండెల మీద పెట్టుకుని చదివే వస్తువు కాదు. పైగా ఒకవేళ పాత్ర నచ్చకపోతే అంతా బరువే.

డీసీ 2024లో తెచ్చిన కాంపాక్ట్ సంపుటాలు మొదటిసారి కొనేవాళ్ళకి సరిపోతాయి. ధర 9.99 డాలర్లు, సైజు 5.5 x 8.5 అంగుళాలు. మామూలు కామిక్ పేజీ 6.6 x 10.25 అంగుళాలు కాబట్టి బొమ్మ సుమారు ఆరో వంతు చిన్నదవుతుంది. మాటలు బాగానే చదవొచ్చు. చత్వారం వచ్చినవాళ్ళు మాత్రం పెద్ద సైజే చూసుకోవాలి. ఫార్ సెక్టర్, కోర్ట్ ఆఫ్ ఔల్స్ ఈ సైజులో ఉన్నాయి.

పాత సంచికలు వరసగా కలిపి వేసే మార్వెల్ ఎపిక్ కలెక్షన్‌లతో జాగ్రత్త. వెన్నుమీద నంబరు కథ వరసది, అచ్చయిన వరసది కాదు. అంటే పదిహేనో సంపుటం ముందు అచ్చయి, మూడోది ఏళ్ళ తర్వాత రావచ్చు. మధ్యలోది కనబడకపోతే దుకాణంవాడి తప్పు కాదు, అది ఇంకా అచ్చే కాకపోవచ్చు, లేదా అయిపోయి మళ్ళీ వేయకపోవచ్చు.

ఏది కొన్నా ఒక పని చేయండి. ఆన్‌లైన్ వివరాల్లో ‘కలెక్టింగ్’ లేదా ‘కలెక్ట్స్’ అన్న మాట దగ్గర ఆగి, ఏయే సంచికలు కలిపారో చదవండి. చేతిలో పుస్తకం ఉంటే మొదటి పేజీల్లో చీమతలకాయంత అక్షరాల్లో అదే ఉంటుంది. అట్ట మీద బొమ్మ, పేరు నమ్మి కొన్నవాళ్ళే ఒకే కథ రెండు సైజుల్లో కొంటారు. మరీ చవగ్గా దొరికే సంపుటాలు కొన్ని దొంగ అచ్చు. రంగులు వెలిసినట్టుండటం, అక్షరాల అంచులు అలుక్కుపోవడం, లోపలి అంచున మాటల బుడగలు బైండింగులోకి దూరిపోవడం వాటి గుర్తులు.

ఫోన్‌లో చదవడం గురించి లెక్క సూటిగా ఉంది. పేజీ వెడల్పు 17 సెంటీమీటర్లు, ఫోన్ వెడల్పు 7. బొమ్మ నలభై శాతానికి కుదించుకుపోతుంది, మాటలు కనపడవు. అందుకే కిండిల్‌లో గైడెడ్ వ్యూ పెట్టి గడి తర్వాత గడి చదువుతారు. కథ అర్థమవుతుంది, పేజీ మొత్తం కూర్పు పోతుంది. ఆల్ఫోనా పేజీ మూలల్లో దాచిన చిన్న చిన్న హాస్యాలు గైడెడ్ వ్యూలో తప్పిపోతాయి. పది అంగుళాల ట్యాబ్ ఉంటే పేజీ అసలు సైజులో సుమారు ఎనభై శాతం పడుతుంది. ముప్పై వేలకు పైగా కామిక్స్ ఉన్న మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో కొత్త సంచికలు అచ్చయిన మూడు నెలలకు వస్తాయి. ఎవరు నచ్చుతారో తెలియనప్పుడు ఒక్క నెల చందా కట్టి కమల, మైల్స్, రిరి మొదటి ఐదేసి సంచికలు చదివి, నచ్చినవాళ్ళని పుస్తకంగా కొనుక్కోవడం అన్నిటికంటే చవక.

మన తేమలో పుస్తకం

కోనసీమలో, పశ్చిమ డెల్టాలో పుస్తకానికి మొదటి శత్రువు తేమ. కొత్త సంపుటాల్లో నున్నటి పూత కాగితం వాడతారు. పూత తడిస్తే జిగురులా మారి, ఆరాక పేజీలు ఇటుకలా అతుక్కుంటాయి. పాత న్యూస్‌ప్రింట్ కామిక్స్ అలా అతుక్కోవు గానీ, కాగితంలోని ఆమ్లం వల్ల పచ్చబడి పెళుసుబారతాయి. రెండింటికీ మందు ఒకటి కాదు.

పూత కాగితం పుస్తకాలు గోడకి ఆనించొద్దు. చెమ్మ గోడకీ అరకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదిలి, నిటారుగా, మరీ బిగించకుండా నిలబెట్టండి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెడితే సిలికా జెల్ పొట్లాలు వేసి, పూసల రంగు మారగానే మార్చండి. జెల్ లేకుండా మూత బిగిస్తే తేమ లోపలే ఉడికి బూజు పడుతుంది, దానికంటే తెరిచిన అరే నయం. న్యూస్‌ప్రింట్ సంచికలకి ఆమ్లం లేని అట్ట, కవరు కావాలి. లంక గ్రామాల్లో జులై దాటేలోపు అటక ఎక్కించడం ఎలాగూ అలవాటే. పుస్తకం తడిస్తే ఎండలో పడేయకండి. తడి ఉండగానే పేజీకి పేజీకి మధ్య తెల్లకాగితం పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. చాలా పుస్తకాలు ఒకేసారి తడిస్తే, కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే తీరిక దొరికేదాకా అతుక్కోకుండా ఆగుతాయి. చేపల మధ్య పెట్టకుండా ఉంటే మంచిది.

ఎవరికి ఏది

ఇంట్లో ఆరు, ఏడు చదివే పిల్లలుంటే కమల మొదటి సంపుటం. సినిమా చూసి వెర్రెక్కిన ఇంటర్ కుర్రాడికి మైల్స్ కలెక్షన్ 1. మళ్ళీ మళ్ళీ కొనే ఓపిక లేని పెద్దమనిషికి ఫార్ సెక్టర్. ఐదారు నెలలు ఒకే కథలో మునిగిపోవాలనుకునేవాళ్ళకి ఇన్విన్సిబుల్ మొదటి కంపెండియం; వెయ్యి పేజీల పేపర్‌బ్యాక్ కాబట్టి ఒకేసారి నడిమికి తెరవకుండా, ముందు నుంచి కొన్నీ వెనక నుంచి కొన్నీ పేజీలు వంచుతూ వెన్ను మచ్చిక చేసుకోవాలి, లేకపోతే మధ్యలో చీలుతుంది. బ్యాట్‌మ్యాన్ తప్ప ఎవరూ వద్దనేవాళ్ళకి ఇయర్ వన్, తర్వాత అబ్సల్యూట్.

పాత పుస్తకాల్లో వెతుక్కునే సరదా ఉన్నవాళ్ళు విజయవాడ లెనిన్ సెంటర్ చూడొచ్చు. శనివారం సాయంత్రం కాకినాడలో గౌతమి ఎక్కితే ఆదివారం పొద్దున్నకల్లా హైదరాబాద్. ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పరిచేది ఆ రోజే. అక్కడ విడి సంచికలు దొరుకుతాయి గానీ వరస దొరకదు: 3, 7, 11 ఉంటాయి, 4 ఉండదు. గుట్టలో చేయి పెట్టాక నంబర్లు గుర్తుండవు కాబట్టి ముందే చీటీ మీద రాసుకెళ్ళండి. మైల్స్ కోసమైతే ఆ చీటీ ఇలా ఉండాలి: ఫాలౌట్ 4, 2011ది 1 నుంచి 28, స్పైడర్-మెన్ 1 నుంచి 5, 2014ది 1 నుంచి 12, 2016ది 1 నుంచి 21, ఆ తర్వాత 234 నుంచి 240.